బయటి బల్ల

పంది కొవ్వు తెల్లబడేదాకా అరచేత్తో కొడుతూనే ఉండాలి. గరిటెతో కొట్టినా తెల్లబడుతుంది కానీ, అలా చేసిన చిపా రొట్టె నోట్లో పిండి పిండిగా తగులుతుందని సెఫెరీనా నమ్మకం. ఆమె నమ్మకాలతో వాదించి నెగ్గినవాళ్ళు ఆ రొట్టెల బట్టీలో ఇంతవరకూ లేరు. తెల్లారుతుండగా, బట్టీ యజమానురాలు ఒతీలియా ఇంటి పెరట్లో సెఫెరీనా రేకుల పంచ కింద కొయ్య తొట్టె ముందు నిలబడి, మోచేతులదాకా కొవ్వు పూసుకుని దబదబా కొడుతోంది. అవతల గుమ్మటంలాంటి మట్టి పొయ్యిలో కట్టెలు మండుతున్నాయి. రహదారి మీద రాజధానికి వెళ్ళే తొలి బస్సు గేరు మార్చుకుని మిట్ట ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. ఆ బస్సు దాటిపోతే ఇక గుడ్లు కొట్టి పోసుకోవచ్చని ఆమెకొక గుర్తు.

పొట్టి మనిషి. తొట్టె ఎత్తు అందక కాళ్ళ కింద ఒక చెక్కముక్క వేసుకుంటుంది. భుజాలు మగాడి భుజాల్లా ఉంటాయి. ముంజేతుల మీద పొయ్యి నోరు కాల్చిన మచ్చలు, కొన్ని పాతబడి తెల్లగా, కొన్ని ఇంకా గోధుమరంగులో ఉన్నాయి. నెరిసిన జడను నడినెత్తిన చుట్టి తెల్లగుడ్డ బిగించి కడుతుంది. నవ్వితే పక్కపన్ను బంగారంది కనిపిస్తుంది. అరవైకి దగ్గర పడుతున్నా ఆ పన్ను చూపించాలన్న ముచ్చట మాత్రం తగ్గలేదు.

గుడ్లు పోసింది, కోరిన జున్ను వేసింది. గుప్పెడు సోంపు చల్లింది. ఆఖరున కర్రపెండలం పిండి గుట్టగా పోసి, పిడికిళ్ళతో కుమ్మడం మొదలుపెట్టింది. కుమ్ముతూ కుమ్ముతూ ఆగింది. రెండు తొడలూ దగ్గరకు బిగించి, తొట్టె అంచు పట్టుకుని, కాసేపు అలాగే నిలబడింది. లంగా లోపల మడిచిపెట్టుకున్న గుడ్డ బరువెక్కింది. చుట్టూ చూసింది. ఒతీలియా పొయ్యిలో నిప్పులు ఎగదోస్తూ అటు తిరిగి ఉంది. సెఫెరీనా మళ్ళీ పిడికిలి బిగించింది.

ఈ మాట ఎవరికైనా తెలిస్తే ఆ తొట్టె దగ్గర ఆమె చోటు పోతుంది. అది తప్ప ఆమెకు వేరే చోటు లేదు.

ఒతీలియా బట్టీలో నెలసరిలో ఉన్న ఆడది పిండి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే చిపా పొయ్యిలో పగిలి రాయి అవుతుందని ఒతీలియా అమ్మమ్మ నాటినుంచీ వస్తున్న మాట. ఆ రోజుల్లో వాళ్ళు పెరటి చివర జామచెట్టు కింద ఉన్న పొడుగాటి బల్ల మీద కూర్చోవాలి. సోంపులో రాళ్ళు ఏరాలి, వేరుశనగలు ఒలవాలి. ఆ సోంపు కూడా పోయేది పిండిలోకే కదా అని అడగకూడదు. తడి వస్తువుకు అంటుతుందట, పొడి వస్తువుకు అంటదట. ఆ లెక్క ఎవరు కట్టారో గానీ, ఇన్నేళ్ళూ అందరూ బుద్ధిగా పాటించారు. బయటున్నవాళ్ళు కూర్చుంటారు కాబట్టి దానికి బయటి బల్ల అని పేరు.

సెఫెరీనా ఆ బల్లకు చాలా ఏళ్ళ కిందటే సెలవు చెప్పింది. అంతకుముందు ఆమె బస్సుల్లో అమ్మేది. నెత్తిన బుట్ట పెట్టుకుని, ఒక చెయ్యి ఊపుకుంటూ, కదిలే బస్సు మెట్టు మీదికి గంతేసి ఎక్కేది. నలభై దాటకముందే గర్భసంచిలో గడ్డలు లేచాయి. నెలకు సగం రోజులు రక్తమే. బుట్ట ఎత్తుకుంటే కళ్ళు తిరిగేవి. రాజధానిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి కోయించారు. డాక్టరు మంచివాడే. సంచి తీసేశామని, ఇక రక్తం పోదని, అయినా అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటూ ఉండమని చెప్పాడు. డాక్టరన్నాక అలాగే అంటాడనుకుంది సెఫెరీనా. గర్భసంచి తీయించుకోవడాన్ని మా వైపు ఆడవాళ్ళు ‘ఖాళీ చేయించుకోవడం’ అంటారు. ఖాళీ చేశాక చూపించుకోవడానికి ఏముంటుంది?

మొగుడు బెనిగ్నోకి కూడా అదే అనుమానం వచ్చింది. బోలు మానుతో కాపురం ఏమిటని, ఇటుక బట్టీల ఊళ్ళో ఇంకో ఆడదాన్ని చూసుకుని పోయాడు. ఆ మాట సెఫెరీనా ఎవరికీ చెప్పుకోలేదు. అయినా ఊరంతటికీ తెలుసు. ఎందుకంటే పోయేముందు ఆయనే సారాకొట్లో నలుగురికీ చెప్పి పోయాడు.

అప్పుడు ఒతీలియా ఆమెను తొట్టె దగ్గర నిలబెట్టింది. “ఇక నీకు బయటుండే బాధ లేదుగా సెఫీ. నెలలో అన్ని రోజులూ నీ చెయ్యి శుభ్రమే. పిండి నువ్వు చూసుకో” అంది. ఊళ్ళో ఆమెను బోలు మాను అన్నవాళ్ళే ఆమె చేతి చిపా కోసం పొద్దున్నే వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. మొగుడు ఎందుకు పనికిరాదని వదిలేశాడో, సరిగ్గా అందుకే ఆమె ఆ బట్టీకి పెద్దదయింది. ఆ పెద్దరికాన్ని గట్టిగానే నిలుపుకుంది. ఎవరి మొహం వాడినా, ఎవరు నడుం పట్టుకున్నా కనిపెట్టేది. “ఏమే, నీ వాలకం చూస్తే బల్ల దారి పట్టేలా ఉన్నావు, నడు” అనేది. అందరి ముందూ అనేది.

చచ్చిపోయిన చెల్లెలి కూతురు నిల్సాను తనే పెంచింది. నిల్సా పెద్దమనిషి అయిన ఏడాది, ఒక పొద్దున ఆ పిల్లకు తెలియకుండానే నెలసరి వచ్చింది. వచ్చిన మనిషి వచ్చినట్టే తొట్టెలో చేతులు పెట్టింది. లంగా మీద మరక సెఫెరీనా కంటపడింది. ఆ పిల్ల రెండు చేతులూ మణికట్టు దగ్గర పట్టి పిండిలోంచి లాగి, తొట్టెడు పిండినీ పందులకు వేయించింది. ఆ రోజు బస్సులకు చిపా లేదు. ఎందుకు లేదో అమ్మే ఆడవాళ్ళందరూ స్టాండులో డ్రైవర్లకు చెప్పారు. నిల్సా చాలా రోజులు రహదారి వైపు రాలేదు.

ఆ నిల్సాకే ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఇవాళ జామచెట్టు కింద బల్ల మీద కూర్చుని సోంపు ఏరుతోంది.

సెఫెరీనాకు రక్తం మళ్ళీ కనబడింది చలికాలం మొదట్లో, సాన్ హువాన్ పండగనాడు. మొదట నమ్మలేదు. ఖాళీ కడుపులోంచి రక్తం ఎలా వస్తుంది? మూడోనాడూ ఆగకపోయేసరికి ఆమెకు వచ్చిన మొదటి భయం జబ్బు గురించి కాదు. చేతుల కింద ఉన్న పిండి గురించి. ఆ పొద్దున చిపాలు పొయ్యిలోకి వెళ్ళాక అక్కడే నిలబడి, అవి పగులుతాయని ఎదురుచూసింది. ఒక్కటి కూడా పగల్లేదు. నిక్షేపంగా పొంగి, ఎర్రగా వేగి, ఎప్పటికంటే బాగా వచ్చాయి. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. చిపాలు బాగా వచ్చినకొద్దీ ఆమెకు నిద్ర తగ్గింది. పందుల తొట్లో పడిన ఆ పిండిముద్ద, దాని పక్కన పిండి అంటిన చేతులతో నిలబడిన పిల్ల పదే పదే కళ్ళ ముందుకు వచ్చేవి.

ఎండ పొయ్యి మీదికి వచ్చే వేళకు నర్సు గ్రిసెల్దా పెరట్లోకి వచ్చింది. చర్చి ముందు మైదానంలో ఆరోగ్యశాఖ వ్యాను పెట్టారు. ఏటా ఇదే కాలంలో, దారి పక్క లపాచో చెట్లు ఆకులన్నీ రాల్చి గులాబీరంగు పూలు పూసే రోజుల్లో ఆ వ్యాను వస్తుంది. ఆడవాళ్ళను లోపల బల్ల మీద పడుకోబెట్టి, కింద దూదిపుల్లతో తుడిచి, ఆ తుడిచింది రాజధానికి పంపిస్తారు. కాన్సరు వచ్చే లక్షణాలుంటే ముందే తెలుస్తుందంటారు. గ్రిసెల్దా ఈ ఊరి పిల్లే. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒతీలియా ఆకులు నానేసిన చల్లటి తెరెరె నింపిన కొమ్ముగ్లాసు ఆమె చేతికిచ్చింది.

“ఎప్పుడొస్తారర్రా మీరు? మీ కోసం పొద్దుట్నుంచీ కూర్చున్నా. ఒక్కళ్ళూ లేరు” అంది గ్రిసెల్దా గొట్టం పీలుస్తూ.

“ఆఖరి వాయ తీసి వస్తాంలే. నువ్వేమైనా పారిపోతావా” అంది ఒతీలియా.

“నిల్సా, నువ్వు?”

“నేను బయటున్నా.”

“అయితే రెండు వారాలాగి మా సెంటరుకే రా. ఇప్పుడు చేస్తే తేలదు. న్యా సెఫెరీనా, మీరో?” అని పెద్దవాళ్ళకు పెట్టే ‘న్యా’ కలిపి మర్యాదగా అడిగింది గ్రిసెల్దా.

పెరట్లో ఆడవాళ్ళు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. ఏటా జరిగే తంతే ఇది. సెఫెరీనా పిండి చేతులు నడుము మీద పెట్టుకుని బంగారు పన్ను చూపించింది.

“ఖాళీ చేసిన ఇంట్లో ఏం వెతుకుతావే తల్లీ? సామానంతా ఎప్పుడో ఎత్తుకుపోయారు. నా వంతు ఇంకెవరికైనా ఇయ్యి.”

అందరూ పగలబడి నవ్వారు. గ్రిసెల్దా కూడా నవ్వింది కానీ గ్లాసు కింద పెట్టింది.

“పోయినేడూ ఇదే అన్నారు. అసలు మీకు మొత్తం తీశారా, మెడ ఉంచారా?”

“మెడేంటి?”

నీళ్ళ పీపా మీద ఒక ఎండు సొరబుర్ర ఉంది. గ్రిసెల్దా లేచి దాన్ని తెచ్చి చేత్తో పట్టుకుంది.

“ఇదిగో, గర్భసంచి ఇలా ఉంటుందనుకోండి. కింద ఇది మెడ. కొంతమందికి బుర్రా మెడా కలిపి తీసేస్తారు. కొంతమందికి బుర్ర కోసేసి, మెడ అక్కడే ఉంచి కుట్టేస్తారు. అప్పుడు నెలసరి పోతుంది, పిల్లలు పుట్టరు. కానీ మెడ మెడే కదా. ఈ జబ్బు పట్టేదే అక్కడ. కోసి ఎన్నాళ్ళయినా పట్టచ్చు.”

ఒతీలియా కొమ్ముగ్లాసు అందుకుని ఊరికే చేతిలో తిప్పుతోంది.

“మధ్యలో రక్తం ఏమైనా కనిపిస్తోందా మీకు?” అని అడిగింది గ్రిసెల్దా.

బల్ల మీద నిల్సా సోంపు ఏరడం ఆపి తలెత్తింది. పెరట్లో అందరూ ఉన్నారు. తొట్టెలో రెండో వాయ పిండి ఉంది, దాని మీద సెఫెరీనా వేళ్ళ గుర్తులున్నాయి.

“ఎక్కణ్ణుంచి వస్తుంది, నా మొహం” అంది సెఫెరీనా. “వెళ్ళవే, పిండి ఆరిపోతోంది.”

గ్రిసెల్దా వెళ్ళిపోయింది. సెఫెరీనా పిండిని ముద్దలు తీసి, తాళ్ళలా పామి, చివరలు కలిపి చుట్టలు చేసి, అరటాకు ముక్కల మీద పరిచింది. ఒతీలియా పచ్చి కొమ్మల చీపురుతో పొయ్యిలోని నిప్పులు బయటికి ఊడ్చింది. చెక్కపార మీద చిపాలు లోపలికి వెళ్ళాయి, కాసేపటికి ఎర్రగా వేగి బయటికొచ్చాయి. అమ్మే ఆడవాళ్ళు బుట్టల్లో తెల్లగుడ్డలు పరిచి, వేడి వేడిగా సర్దుకుని రహదారికి పరిగెత్తారు. ఇదంతా రోజూ జరిగినట్టే జరిగింది. ఒక్కటే తేడా. ఆ పొద్దున సెఫెరీనా ఎవరినీ తిట్టలేదు. ఒతీలియా దాన్ని గమనించి, పన్ను నొప్పేమో అనుకుంది.

మధ్యాహ్నం నాలుగు చిపాలు గుడ్డలో కట్టుకుని, “నర్సుపిల్ల ఏం తినుంటుందో, ఇచ్చొస్తా” అని బయల్దేరింది. మైదానం దాటడానికి రెండుచోట్ల ఆగింది. వ్యాను దగ్గర ఎవరూ లేరు. గ్రిసెల్దా మెట్టు మీద కూర్చుని ఉంది. ఆమెను చూసి లేచి, తలుపు తీసి పట్టుకుంది. సెఫెరీనా చిపాల మూట ఆమె చేతిలో పెట్టి లోపలికి ఎక్కింది.

“సాన్ హువాన్ పండగ నుంచి” అంది, చెప్పులు విడుస్తూ. “ఇంతకంటే నన్నేం అడక్కు.”

లోపల ఒక చిన్న ఫ్యాను తిరుగుతోంది. సెఫెరీనా పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. మోకాళ్ళు ఎత్తి పెట్టమంటే పెట్టింది. ఇనుము చల్లగా తగిలింది. గ్రిసెల్దా దీపం దగ్గరకు జరుపుకుని చూసింది. మామూలుగా ఏదో ఒకటి వాగుతూ ఉండే పిల్ల, ఇంకోసారి వంగి చూసింది. సెఫెరీనాకు సంగతి అర్థమైంది. పని అయ్యాక గ్రిసెల్దా ఆమె పాదం పట్టుకుంది.

“మెడ ఉంచారు న్యా సెఫెరీనా. రేపే మిమ్మల్ని రాజధానికి తీసుకెళ్తా.”

“చాలా ఉందా?”

“డాక్టరు చెప్పాలి.”

“నువ్వు చూశావుగా.”

“చూశాను” అంది గ్రిసెల్దా. కళ్ళు తుడుచుకుంది.

సెఫెరీనా లేచి లంగా సర్దుకుంది. భయపడింది. చావంటే భయం లేనట్టు కనిపించే మనిషే గానీ, వ్యాను మెట్లు ఒక్కొక్కటే తడుముకుంటూ దిగింది. మైదానంలో కాసేపు చెట్టు మొదలు పట్టుకుని నిలబడింది. ఏటేటా ఈ వ్యాను ఇక్కడికే వచ్చింది. ఏటేటా తనే నవ్వుతూ తన వంతు ఇంకొకరికి ఇచ్చింది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

బట్టీకి వచ్చేసరికి సాయంత్రం బస్సుల కోసం ఒతీలియా మళ్ళీ కొవ్వు గిన్నె తీసి పెట్టింది. అమ్మే ఆడవాళ్ళు ఖాళీ బుట్టలతో తిరిగొచ్చి పంచలో కూలబడ్డారు. సెఫెరీనా తొట్టె దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా జామచెట్టు కిందికి నడిచింది.

“లే” అంది నిల్సాతో.

“ఏమైంది పెద్దమ్మా?”

“లే. వెళ్ళి చేతులు కడుక్కుని పిండి కలుపు.”

నిల్సా తెల్లబోయి చూసింది. “నేను బయటున్నానని చెప్పాగా.”

“నేనూ బయటే ఉన్నా. చలికాలమంతా ఉన్నా.” గొంతు పెంచింది. పంచలో ఉన్నవాళ్ళంతా వినాలనే పెంచింది. “సాన్ హువాన్ పండగ నుంచి గుడ్డ పెట్టుకుని మీ అందరికీ పిండి కలుపుతున్నా. ఒక్క చిపా పగిలిందా? ఒక్కటి రాయి అయిందా? చెప్పండే.”

ఒతీలియా కొవ్వు గిన్నె ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చింది. “నీకు మతి గానీ పోయిందా సెఫీ? నెమ్మదిగా మాట్లాడు. ఊళ్ళో తెలిస్తే మన చిపా ఎవరు తింటారు?”

“తెలిస్తే ఏంటి? ఊరు చలికాలమంతా తింది. ఫాదరు రోజూ రెండేసి తింటాడు. ఆయనకేమైనా అయిందేమో వెళ్ళి అడుగు.”

ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. ఒతీలియా మొహం అంతలోనే మారింది. పెద్దగా చదువుకోకపోయినా పురుళ్ళూ చావులూ చూసిన ఇంట్లో పెరిగిన మనిషి. ఖాళీ చేయించుకున్న ఆడదానికి రక్తం వస్తోందంటే పొద్దున్న సొరబుర్ర పట్టుకుని ఆ పిల్ల చెప్పిందేమిటో ఆమెకు గుర్తొచ్చింది.

“వ్యాను దగ్గరికెళ్ళావా?” అంది నెమ్మదిగా.

“వెళ్ళా. రేపు రాజధానికి.”

సెఫెరీనా బల్ల మీద కూర్చుంది. కాళ్ళ నొప్పి వల్లో, చెప్పాల్సింది అయిపోయినందువల్లో, కూర్చుంటూ గట్టిగా నిట్టూర్చింది. నిల్సా ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. జాలితోపాటు పాత కోపం కూడా ఉంది.

“ఆ రోజు నా చేతులు పట్టి లాగేశావు. అందరి ముందూ.”

“లాగేశా.”

“పందులకు వేశావు.”

“వేశా. అవీ హాయిగానే తిన్నాయి, ఒక్కటీ చావలేదు. అప్పుడే బుద్ధి రావాల్సింది నాకు.” సెఫెరీనా చెయ్యి చాచి నిల్సా మణికట్టు పట్టుకుంది. ఈసారి లాగలేదు, ఊరికే పట్టుకుని ఉంది. “తప్పు చేశానే. వెళ్ళు. కొవ్వు కరిగిపోతోంది. గరిటె ముట్టుకున్నావంటే మాత్రం కాళ్ళు విరగ్గొడతా.”

నిల్సా ఏడుస్తూనే నవ్వింది. వెళ్ళి చేతులు కడుక్కుని, కాళ్ళ కింద చెక్క అక్కర్లేక దాన్ని పక్కకు నెట్టి, తొట్టెలో కొవ్వు వేసి కొట్టడం మొదలుపెట్టింది. ఒతీలియా అడ్డు చెప్పలేదు. పొయ్యి నోటి దగ్గర నిలబడి, మొదటి చిపా బయటికి వచ్చేదాకా శిలువ గుర్తు వేసుకుంటూనే ఉంది. అది బయటికొచ్చాక విరిచి చూసి, సగం తను తిని, సగం తెచ్చి సెఫెరీనాకిచ్చింది.

“కొంచెం ఉప్పెక్కువైంది” అంది సెఫెరీనా.

రాజధానిలో కాన్సరేనని తేల్చి కరెంటు పెట్టారు. కొన్నాళ్ళు రక్తం ఆగింది. డాక్టరమ్మ, ఇంకాస్త ముందు వచ్చి ఉంటే బాగుండేదని ఒకసారి అని, మళ్ళీ అనలేదు. ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో సెఫెరీనా బట్టీకి వచ్చి జామచెట్టు కింద బల్ల మీద కూర్చునేది. సోంపు ఏరుతూ, అక్కణ్ణుంచే నిల్సాను తిట్టేది. ఆపరేషన్ అయిన ఆడది ఎవరు చిపా కొనడానికొచ్చినా, దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుని, మొత్తం తీశారా, మెడ ఉంచారా అని అడిగేది. కొంతమంది సిగ్గుపడి పారిపోయేవాళ్ళు. కొంతమంది గ్రిసెల్దా దగ్గరికి వెళ్ళేవాళ్ళు. నెలసరిలో ఉన్నవాళ్ళెవరూ ఆ బల్ల మీద కూర్చోవడం లేదు. పనుంది కదా, అందరూ పంచలోనే ఉంటున్నారు.

వేసవి చివర్లో ఒక మధ్యాహ్నం, నిల్సా ఇంట్లో, తెరెరె ఇంకాస్త చల్లగా కావాలని అడిగి, నిల్సా ఐసు ముక్కలు కొట్టి తెచ్చేలోపు సెఫెరీనా పోయింది. తొమ్మిదోనాటి ప్రార్థనకు కావలసిన చిపా అంతా నిల్సాయే కలిపింది. ఊరంతా వచ్చి తిన్నారు. బెనిగ్నో కూడా వచ్చాడు. ఎవరూ పలకరించకపోతే, రెండు చిపాలు తిని, జేబులో ఇంకోటి వేసుకుని పోయాడు.

ఇంటింటా చిపా తినే పవిత్రవారం వచ్చింది. పొయ్యి రోజంతా ఆరలేదు, పెరట్లో నిలబడ్డానికి చోటు లేనంత జనం. కట్టెలు ఎక్కడ పెట్టాలో తెలియక జామచెట్టు కింద బల్ల మీద పేర్చబోయారు. నిల్సా వద్దంది. బల్ల అలాగే ఖాళీగా ఉంది. దాని రెండు పలకల మధ్య సందులో ఇరుక్కున్న సోంపు గింజలు ఎండకు వేడెక్కి వాసన వేస్తున్నాయి.